పై పొర

పరుపు డాక్టరుకి పట్టా లేదు, తెల్లకోటూ లేదు. ఉన్నవల్లా రెండు అరచేతులు, ముప్పై ఏళ్ల అనుభవం, దానికి రెట్టింపు నోరు. దుకాణానికి వచ్చినవాళ్లని బల్ల మీద పక్కకి తిరిగి పడుకోమంటాడు. నడుముకీ పరుపుకీ మధ్య పలుచటి చెక్కబద్ద దూర్చి సందు ఎంతుందో చూస్తాడు. భుజం ఎంత దిగింది, తుంటి ఎంత దిగింది అని గమనించి, ఓ నిమిషం కళ్లు మూసుకుని, చీటీ రాస్తాడు. కింద ఏది, మధ్యలో ఏది, పైన ఏది, అంతే. ఎవరన్నా "కాస్త గట్టిగా ఉంటే మంచిదంటారండీ" అని మొదలుపెడితే, "ఎవరంటారు? అన్నవాళ్లు వచ్చి మీ పక్కన పడుకుంటారా?" అని నోరు మూయిస్తాడు. ఆ డాక్టరన్న పేరు ఎవరు పెట్టారో తెలీదు గానీ, పెట్టినవాళ్ల మీద ఆయనకి లోలోపల ప్రేమే.

ఆ దుకాణంలో తయారుగా ఉన్న పరుపులు అమ్మరు. పొరలు అమ్ముతారు. కొన్నవాళ్లు చుట్టలు చుట్టిన పొరల్ని ఇంటికి మోసుకెళ్లి, చీటీలో రాసిన వరసలో మంచం మీద పరుచుకుని, జిప్పు కవరు తొడుక్కుంటారు. కింద స్ప్రింగుల పలక, దాని మీద రెండు లాటెక్స్ రబ్బరు పొరలు. లేదంటే మూడూ లాటెక్సే. ఎవరి పరుపు వాళ్లే పేర్చుకోవడం వల్ల జనానికి అదో సరదా.

చిక్కల్లా ఒక్కటే. లాటెక్స్ పొరలన్నీ చూడ్డానికి ఒక్క తల్లి పిల్లలు. అదే మీగడ రంగు, అవే చిల్లులు, అదే రబ్బరు వాసన. తయారుచేసే చోట అంచున సిరా చుక్కలు పెట్టి పంపిస్తారు, ఒక చుక్కయితే మెత్తది, రెండయితే మధ్యరకం, మూడయితే గట్టిది. తీరా మంచం కొలతకి కోసేటప్పుడు ముందు తెగిపోయేది ఆ అంచే. అప్పుడు పరుపు డాక్టరు పొర మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా బరువు వేసి, తీసేసి, "మెత్తది" అనో "గట్టిది" అనో కాగితపు టేపు మీద రాసి అంటిస్తాడు. ముప్పై ఏళ్లలో ఆ టేపుని ఎవరూ శంకించలేదు.

గురువారం మధ్యాహ్నం రొట్టెలావిడ వచ్చింది.

ఆవిడ రెండు వీధుల అవతల రొట్టెల బట్టీలో పనిచేస్తుంది. పిండి కలపడం, పిసకడం ఆవిడ పని. మోచేతి మడతల్లో ఎంత కడిగినా పోని తెల్లదనం ఉంటుంది. మూడు వారాల కిందట ఆవిడకి డాక్టరే చీటీ రాశాడు. పక్కకి తిరిగి పడుకునే మనిషి, భుజాలు గట్టివి, తుంటి బరువైనది. కింద స్ప్రింగులు, మధ్యలో మధ్యరకం, పైన మెత్తది. రాసిన చీటీ కూడా ఆయనకి గుర్తుంది.

"రండమ్మా రండి. పరుపు ఎలా ఉంది?" అన్నాడు, జవాబు తెలిసినవాడిలా.

"పరుపుకేమండీ, బంగారం. అది చెప్పడానికే వచ్చా." ఆవిడ కుర్చీ పట్టుకుని కూర్చుంది, ఒక్కసారిగా కాదు, రెండు విడతలుగా. "నడుమే పాడైంది నాది."

"ఏమైంది?"

"మొదట్లో నేనే పొరలు తారుమారు చేశాననుకున్నా డాక్టరుగారూ. మూడుసార్లు జిప్పు విప్పి చూశా. పైన 'మెత్తది' అని మీ చేతిరాతే. మధ్యలో 'మధ్యరకం' అని అదీ మీ రాతే. ఇంకేం చూస్తాను? పొద్దున లేచేసరికి ఈ భుజం నాది కాదు, ఈ తుంటి నాది కాదు. మా ఆయన మాత్రం వెల్లకిలా పడి హాయిగా గుర్రు పెడతాడు. ఆయనకి బాగుండి నాకు బాలేదంటే తేడా నాలోనే ఉన్నట్టు కదా."

పరుపు డాక్టరు చెయ్యి అలవాటు కొద్దీ బల్ల మీద పరిచి ఉన్న పొర మీదికి పోయింది. అరచెయ్యి ఆనించాడు. బరువు వేశాడు. పొర దిగడం కంటికి కనిపించింది. చేతికి మాత్రం ఏమీ తెలియలేదు. ఎవరో దళసరి తొడుగు తొడిగినట్టుంది. ఈ మధ్య ఇలాగే ఉంటోంది. వానలు మొదలైన రోజుల్లో వేళ్ల చివర్లు తిమ్మిరెక్కడం మొదలై, చలికేమో అనుకున్నాడు. వానలు పోయాయి, ఎండ వచ్చింది, తిమ్మిరి మాత్రం వేళ్ల నుంచి అరచేతిలోకి ఎక్కింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, తనక్కూడా.

"ఆస్పత్రికి వెళ్లా. ఫొటో తీశారు. ఫొటోలో ఏం లేదన్నారు. ఏం లేకపోవడమేంటండీ, నొప్పి నాకు తెలియట్లేదా? వయసు, పని, అన్నీ కలిసుంటాయన్నారు. ఇరవై రెండేళ్లు పిండి పిసికా. ఇక చాల్లే అని నడుమే చెప్తోందేమో." ఆవిడ నవ్వింది, నవ్వు సగంలో ఆగింది. "మాన్పించేస్తున్నా నన్ను నేనే. సోమవారం పొద్దున మా యజమానికి కాగితం ఇచ్చేస్తా. వేరే అమ్మాయిని చూసుకున్నారు కూడా. ఊళ్లో ఎవరన్నా మీ పరుపు వల్ల అంటారేమో, అలా కాదని ముందే మీకు చెబుదామని. మీరేం మనసులో పెట్టుకోకండి."

ఆవిడ క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చింది. అది అర్థమయ్యేసరికి పరుపు డాక్టరుకి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఏదో ఒకటి అనాలి. ముప్పై ఏళ్లుగా ఇలాంటి సమయంలో అనే మాటే నోటికి వచ్చింది.

"కొత్త పరుపు కదమ్మా. ఒళ్లు అలవాటు పడాలి. నెల పడుతుంది."

"అంతేనంటారా?"

"అంతే."

ఆవిడ తలాడించి లేచింది, మళ్లీ రెండు విడతలుగా. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "మంచి పరుపండీ" అని ఇంకోసారి చెప్పి వెళ్లింది. ఆయన బల్ల మీది పొరని అటు తిప్పి, ఇటు తిప్పి నొక్కాడు. తర్వాత ఎందుకో చుట్టూ చూశాడు. దుకాణంలో ఎవరూ లేరు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునేవాణ్ణి తను ఎన్నిసార్లు వెక్కిరించాడో గుర్తొచ్చి, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

మర్నాడు దుకాణంలో పెద్దగా బేరాల్లేవు. దుకాణం ఇప్పుడు దాన్ని పెట్టిన పెద్దాయన కూతురి చేతిలో ఉంది. పరుపు డాక్టరు ఆ పిల్లని చుట్టల మీద ఎక్కి దూకే వయసు నుంచి ఎరుగును. ఆవిడ ఆయన్ని బాబాయ్ అంటుంది, ఆయన ఆవిణ్ని అమ్మాయ్ అంటాడు. నిరుడు ఆవిడ ఎక్కడినుంచో ఓ సాధనం తెప్పించింది. అరచేయంత ఇనప బిళ్ల, దాని మీద గుండ్రటి అద్దంలో ఓ ముల్లు. పొర మీద పెడితే బిళ్ల ఎంత దిగిందో ముల్లు చెబుతుంది. దాన్ని చూసిన రోజు పరుపు డాక్టరు, "పరుపుకి థర్మామీటరా అమ్మాయ్? జ్వరమొచ్చిందా దీనికి?" అని దుకాణమంతా నవ్వించాడు. ఆ అమ్మాయీ నవ్వేసింది. ఆ సాధనం పాత టేపు ఉండల వెనక బీరువాలోకి పోయింది.

శుక్రవారం అమ్మాయి భోజనానికి వెళ్లగానే ఆయన బీరువా తీశాడు. సాధనం మీద దుమ్ము ఉంది, తుడిచాడు. వెనక గదిలో కోసి పెట్టిన గట్టి పొరలు పదకొండు, ఒకదానిమీద ఒకటి దొంతరగా ఉన్నాయి. పైదాని మీద బిళ్ల పెట్టాడు. ముల్లు కాస్త కదిలి ఆగింది. గట్టిదే. దాన్ని దించి గోడకి ఆనించి, రెండోదాని మీద పెట్టాడు. గట్టిదే. లాటెక్స్ పొర తేలికగా కనిపిస్తుందిగానీ పరమ మొండిది, నడుము దగ్గర పట్టుకుంటే తల వేలాడేస్తుంది, తల పట్టుకుంటే కాళ్లు జారవిడుస్తుంది. ఒక్కడే దించాలంటే కౌగిలించుకుని నడిపించుకుపోవాలి. ఆరు పొరలు అలా నడిపించేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. అంతా సరిగ్గానే ఉందిలే, ఊరికే భయపడ్డాననుకున్నాడు. మనసు కాస్త తేలికపడింది.

ఏడోదాని మీద బిళ్ల దిగిపోయింది.

ముల్లు సగం అద్దం దాటి వెళ్లి ఆగింది. తీసి మళ్లీ పెట్టాడు. మూలన పెట్టాడు. మధ్యలో పెట్టాడు. ఎక్కడ పెట్టినా అదే. మెత్తటి పొర. దాని అంచున తన రాత, "గట్టిది", కింద తారీఖు. చీటీల పుస్తకం చూడక్కర్లేదు గానీ చూశాడు. రొట్టెలావిడ పొరలు కోసింది అదే రోజు. ఆ రోజు మధ్యరకం కాక అదే కొలతకి ఇంకో రెండు పొరలు కోశాడు, ఒకటి మెత్తది, ఒకటి గట్టిది. కోసి రెంటినీ పక్కపక్కన పరిచి, వాటి మీద చెయ్యి పెట్టి, చెయ్యి ఏమీ చెప్పకపోతే, తనే చెప్పాడు.

పరుపు డాక్టరు ఆ పొర మీదే కూర్చుండిపోయాడు. మెత్తగా, చక్కగా దిగింది. ఎవరి నడుము కోసమో చేసిన పొర.

సరిచేయడం ఎంతపని? టేపు పీకేసి, "మెత్తది" అని రాసి, మెత్తటి దొంతరలో పెట్టేస్తే సరి. ఎవరికి తెలుస్తుంది? టేపు పీకాడు కూడా. ఉండచుట్టి పారేయబోయి, ఎందుకో మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబు ఉన్నచోట ఆ సాయంత్రందాకా ఏదో అంటుకున్నట్టే ఉంది.

"ఏంటి బాబాయ్, థర్మామీటరు బయటికొచ్చింది?" భోజనం చేసి వచ్చిన అమ్మాయి గుమ్మంలో నిలబడి అడిగింది.

"దుమ్ము పట్టిందమ్మాయ్. దులుపుతున్నా."

"ఓహో! ఇన్నాళ్లకి దాని మీద దయ కలిగిందన్నమాట."

ఆయన నవ్వాడు. తేలు కుట్టిన దొంగ నవ్వితే ఎలా ఉంటుందో అలా నవ్వాడు.

శనివారం సాయంత్రం పరుపు డాక్టరు వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. భార్య పొయ్యి మీంచి టీ దించి గ్లాసులో పోసి ముందు పెట్టింది. ఆయన ఆలోచనలో ఉండి గ్లాసు అందుకుని, రెండు చేతుల మధ్యా పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ తన గ్లాసుని కొంగు మడతపెట్టి పట్టుకుని ఆయనవైపే చూస్తోంది.

"కాలట్లేదా?"

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. అరచేతులు ఎర్రగా కందాయి.

"చల్లారింది" అన్నాడు.

"ఆవిరి పైకి లేస్తోంది. చల్లారిందట." ఆవిడ లేచి, అలమరలోంచి మడిచిన కాగితపు ముక్క తెచ్చి ఆయన ముందు పెట్టింది. నీళ్లలో తడిసి ఆరినా 'గట్టిది' అన్న అక్షరాలు చెక్కుచెదరలేదు. "చొక్కా తడిపితే జేబులో దొరికింది. మీ జేబులో ఎన్నడూ టేపు ముక్క చూళ్లేదు నేను. ఏం గట్టిది? ఏమైంది?"

అబద్ధానికి ఓపిక లేకపోయింది. చెప్పేశాడు. రొట్టెలావిడ నడుము, ముల్లు, ఏడో పొర, అన్నీ. చేతి సంగతి చివర్లో, టీ గ్లాసుతో మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. "మొన్న నాకు జ్వరమొచ్చిన రోజు గుర్తుందా?" అంది.

"నీకా? ఎప్పుడు?"

"అదే. మీకు లేనట్టే. ఒళ్లు వెచ్చగా ఉంది చూడండి అంటే, నుదుటి మీద చెయ్యి పెట్టి, ఏం లేదు లెమ్మన్నారు. బద్ధకం అన్నారు. బద్ధకమే కాబోలనుకుని దుప్పట్లన్నీ ఉతికా. సాయంత్రానికి కళ్లు తిరిగి పక్కింటావిడ మందు తెచ్చిచ్చింది. మీకు చెప్పలేదు. మీ చెయ్యి లేదన్నాక, ఉందని ఎలా చెప్పను?"

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. ఈ బల్లి తను పడడమే కాక, పక్కనున్నవాళ్లనీ లాగింది.

"రేపు వెళ్లి పొర మార్చేసి వస్తా. దుకాణం తరఫున ఊరికే చూసి పోదామని వచ్చానంటా. ఆవిడ నడుము కుదుటపడుతుంది. అక్కడితో అయిపోతుంది."

"నిజం చెప్పరా?"

"చెప్తే నా చెయ్యి సంగతి బయటపడుతుంది. చేతికి తెలియదని తెలిశాక నన్ను ఆ దుకాణంలో ఎందుకుంచుతారు? ముప్పై ఏళ్లు ఈ చేతితోనే కదా బతికా."

"చేతికి తెలియకపోతే పోయె. నోటికి తెలుసుగా" అంది ఆవిడ. గ్లాసులు రెండూ తీసుకుని లేస్తూ, "మంగళవారం ఆస్పత్రికి వెళ్దాం, మీరు రానంటే మోసుకుపోతా" అని కూడా అంది.

ఆదివారం పొద్దున పది గంటలకి పరుపు డాక్టరు మెత్తటి పొరని చుట్టచుట్టి, తాడు కట్టి, భుజాన వేసుకుని రొట్టెలావిడ ఇల్లున్న మేడ మూడంతస్తులు ఎక్కాడు. మలుపు మలుపుకీ ఆగాడు. ఆగినప్పుడల్లా చెప్పాల్సిన అబద్ధాన్ని ఒకసారి వల్లెవేసుకున్నాడు.

ఆవిడ తలుపు తీసింది. భర్త బస్సు నడుపుతాడు, ఆదివారం కూడా డ్యూటీయే. ముందుగదిలో కుర్చీ మీద ఉతికి మడతపెట్టిన తెల్లటి ఏప్రాన్లు ఆరు ఉన్నాయి. వాటి మీద పిండి గీరే రేకు. దాని చెక్కపిడి ఒకవైపు అరిగి, ఆవిడ బొటనవేలు ఎక్కడ ఆనుతుందో అక్కడ గుంట పడింది.

"రేపు అప్పజెప్పడానికి సర్దుతున్నా" అంది ఆయన చూపు చూసి. "రేకు మాత్రం నా సొంతమే. అయినా ఇంట్లో ఏం చేసుకుంటా? ఆ కొత్త అమ్మాయికి పనికొస్తుంది. ఇదేంటండీ, ఈ మోత?"

"మూడు వారాలకోసారి చూసుకుంటామమ్మా మేం. దుకాణం పద్ధతి. మీకు ఇంకో పొర పడుతుందేమోనని…"

"ఆదివారం పూట, మెట్లెక్కి! ఇలాంటి దుకాణం ఎక్కడన్నా ఉంటుందా?" ఆవిడ మొహం విప్పారింది. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పడగ్గదిలో ఇద్దరూ కలిసి దుప్పటి తీశారు. ఆయన జిప్పు పట్టుకుని చుట్టూ లాక్కొచ్చాడు. మూల మలుపులో జిప్పు బిగుసుకుంటే ఆవిడే వంగి సబ్బు ముక్క రాసింది. వంగినప్పుడు పళ్లు బిగబట్టింది, లేచినప్పుడు ఏమీ జరగనట్టు నవ్వింది. కవరు విప్పేసరికి పై పొర మీద ఆయన రాత, అంచున, తిన్నగా. "మెత్తది". అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి. ఆయన దాన్ని లాగి నేల మీదికి దించి, తెచ్చిన పొరని విప్పి పరిచాడు. నాలుగు మూలలా సరిచేశాడు. కవరు మూశాడు.

"పడుకుని చూడండమ్మా."

ఆవిడ పక్కకి తిరిగి పడుకుంది. భుజం దిగింది. తుంటి దిగింది. ఆయన చెక్కబద్ద తీసి నడుము దగ్గర పెట్టి చూశాడు. దూరేంత సందు లేదు. ఆవిడ కళ్లు మూసుకుంది. మూడు వారాలుగా మొహంలో ఎక్కడో పట్టి ఉంచుకున్నదేదో వదిలినట్టు పెదవులు సడలాయి. కిటికీ అవతల ఎవరో బకెట్టు ఈడుస్తున్నారు. ఆవిడ నిద్రపోయిందేమో అనుకుని ఆయన చప్పుడు చేయకుండా నేల మీది పొరని చుట్టడం మొదలుపెట్టాడు. అయిపోయింది. తాడు కట్టుకుని మెట్లు దిగిపోవడమే.

"హాయిగా ఉందండీ" అంది ఆవిడ కళ్లు తెరవకుండానే. "మీ చెయ్యి మామూలు చెయ్యి కాదు. మనిషిని పడుకోబెట్టి చూడకుండానే ఏం కావాలో పట్టేశారు."

ఆయన తాడు బిగించాడు.

"అయితే నేననుకున్నదే నిజమన్నమాట" అంది ఆవిడ మళ్లీ. "మామూలు మెత్తటి పరుపు కూడా నా నడుముకి పనికిరాలేదు. అంతకన్నా మెత్తది కావాల్సొచ్చింది. ఇంకా పిండి బల్ల దగ్గర నిలబడాలని ఆశ ఏంటి నాకు? రేపు కాగితం ఇచ్చేయడమే మంచిది. మీరు రావడం మంచిదైంది, ఇంతవరకూ కాస్త ఊగిసలాట ఉండింది."

పరుపు డాక్టరు చేతిలో తాడు అలాగే ఉంది. పొర మారిస్తే అక్కడితో అయిపోతుందనుకున్నాడు. పొర మారింది, ఆవిడ నడుము మీద తను వేసిన నింద అలాగే ఉంది. పైగా ఇప్పుడు గట్టిపడింది. ఆవిడ లేచి వంటింటివైపు వెళ్లబోతోంది, ఆయనకి మంచినీళ్లు తేవడానికి.

"అమ్మా, ఒక్క నిమిషం." తాడు విప్పేశాడు. చుట్ట తనంతట తనే నేల మీద విచ్చుకుంది. మంచం మీద కవరు జిప్పు ఒక మూల తెరిచి కొత్త పొర అంచు బయటికి లాగాడు. "ఇలా రండి. దీన్ని నొక్కండి. తర్వాత దాన్ని నొక్కండి. ఏది గట్టిది?"

"నన్నడుగుతారేంటండీ?"

"మీరే చెప్పాలి."

ఆవిడ మంచం మీది పొరని అరచేతి మడమతో నొక్కింది, పిండి నొక్కినట్టే, ముందుకి తోసి వెనక్కి తీస్తూ. తర్వాత మోకాలి మీద మెల్లగా కూర్చుని నేల మీదిదాన్ని నొక్కింది. ఒక్కసారే. చెయ్యి అక్కడే ఆగింది.

"ఇది గట్టిది. బాగా గట్టిది. నీళ్లు చాలని పిండిలా ఉంది." అంచున ఉన్న రాత చూసింది. "మరి మెత్తదని ఉందేంటి?"

"తప్పు రాశా."

"మీకు తెలీదా?"

"తెలీలేదమ్మా. నా చేతికి స్పర్శ పోయింది. మీ నడుముకి ఏ రోగమూ లేదు. మెత్తటి పొర పడాల్సిన చోట గట్టిది వేశా. వెల్లకిలా పడుకునే మీ ఆయనకి అది సరిపోయింది, మీకు సరిపోలేదు. తప్పంతా నాది."

ఆవిడ నేల మీదే కూర్చుండిపోయింది. ముందు ఆవిడ మొహంలో ఊరట కనిపించింది, కాదని చెప్పలేం. కానీ అది ఎంతోసేపు నిలవలేదు.

"మొదటి రోజే తెలిసింది నాకు" అంది. "ఈ చుట్ట విప్పినప్పుడే. పరుస్తూ చెయ్యి పెడితే గట్టిగా తగిలింది. ఇదేంటి, ఇలా ఉందనుకున్నా. మీ రాత చూశా. మీకన్నా నాకెక్కువ తెలుసా అని ఊరుకున్నా. ఇరవై రెండేళ్లుగా రోజూ పిండి చూసే చెయ్యి ఇది. మీ టేపు ముక్క చూసి దీన్ని కొట్టిపారేశా."

ఆయన తల ఎత్తలేదు.

"గురువారం నేను వచ్చినప్పుడు మీకు తెలుసా?"

"అనుమానం వచ్చింది."

"ఒళ్లు అలవాటు పడాలన్నారు."

"అన్నాను."

"నేను మీ దగ్గరికి క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చా. మీరు తీసుకున్నారు. తీసుకుని పంపించారు." గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండుననుకున్నాడు ఆయన. "ఎప్పట్నుంచి చేతికి ఇలా ఉంది?"

"వానలు మొదలైనప్పట్నుంచి."

"అంటే నాలుగు నెలలు. ఈ నాలుగు నెలల్లో ఇంకెంతమందికి టేపులు అంటించారు? వాళ్లంతా ఇళ్లలో ఏమనుకుంటున్నారు?"

ఆ ప్రశ్న ఆయన వేసుకోలేదు. మూడు రోజులుగా ఆయన బాధంతా ఒక్క ఇంటి చుట్టూనే తిరిగింది, ఒక్క నడుము బాగుచేస్తే చాలనుకుంది.

ఆవిడ మంచం కోడు పట్టుకుని లేచింది. మంచినీళ్లు తేలేదు. ముందుగదిలోకి వెళ్లి, మడతపెట్టిన ఏప్రాన్లలో పైది తీసి విదిల్చి, తలుపు వెనక మేకుకి తగిలించింది. దాని జేబులో పిండి గీరే రేకు పెట్టింది. ఆయన గట్టి పొరని చుట్టి భుజాన వేసుకుని గుమ్మం దాటుతుంటే, "మెట్ల దగ్గర చూసి దిగండి, అంచు విరిగింది" అంది.

సోమవారం దుకాణం తెరవగానే పరుపు డాక్టరు వెళ్లి అమ్మాయి ముందు టేపు ఉండా, కలమూ పెట్టాడు. నిలబడే చెప్పాడు, కూర్చోమంటే కూర్చోలేదు. అమ్మాయి మధ్యలో ఒక్కసారి "బాబాయ్" అంది, తర్వాత వింటూ ఉండిపోయింది.

"అందరి ఇళ్లకీ వెళ్లి మేం తప్పు చేశామంటే, దుకాణం పేరేమవుతుంది?" అంది చివరికి.

"దుకాణం తప్పు కాదు. నా చెయ్యి తప్పని చెప్తా."

"చేతికి థర్మామీటరు తెచ్చిచ్చింది దుకాణమే. నువ్వు నవ్వితే నేనూ నవ్వి బీరువాలో పెట్టా." ఆవిడ చీటీల పుస్తకం లాక్కుని, వానలు మొదలైన రోజు దగ్గర వేలు పెట్టి, కాగితాలు విప్పుకుంటూ వచ్చింది. లాటెక్స్ పొరలు వెళ్లిన ఇళ్లు నలభై ఒకటి తేలాయి. వాటిని వీధుల వారీగా దొంతరలు పెట్టింది. ఇనప బిళ్ల తెచ్చి, గుడ్డలో చుట్టి, ఆయన సంచీలో తనే పెట్టింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"తిరిగొచ్చాక నేను ఏం పని చేయాలమ్మాయ్?"

"ముందు తిరిగిరా బాబాయ్. చూద్దాం" అంది, కాగితాల మీంచి తల ఎత్తకుండా.

దారిలో రొట్టెల బట్టీ ఉంది. ఆయన అవతలి గట్టున నిలబడి చూశాడు. అద్దం వెనక పొడుగాటి బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకరు కొత్త అమ్మాయి. రెండోవారు ఆవిడే. పిండి ముద్దని బల్ల మీద కొట్టి, మడమతో నొక్కి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ముద్ద మీద పెట్టి, ఏదో అడుగుతోంది. ఆవిడ ఇటు చూసింది. చూసి, పలకరించలేదు. పనిలోకి తిరిగిపోయింది. ఆయనకి నమస్కారం పెట్టాలనిపించింది గానీ, అందుకు తగినవాణ్ణనిపించలేదు.

మొదటి చీటీలోని ఇల్లు బట్టీ వెనక వీధిలోనే. తలుపు కొడితే ఓ పెద్దమనిషి తీశాడు. గుర్తుపట్టి, చేతులు రెండూ చాచాడు.

"ఓహో, పరుపు డాక్టరుగారా! రండి రండి. మీ పరుపు అద్భుతమండీ. పడుకుంటే మళ్లీ తెల్లారాకే మెలకువ. మా ఆవిడకే పాపం, నిద్ర పట్టట్లేదు. దాని ఒళ్లే అంత లెండి, మొదట్నుంచీ నలత మనిషి."

లోపల గుమ్మం దగ్గర ఆ ఇల్లాలు నిలబడి ఉంది. ఒక చెయ్యి తుంటి మీద ఉంది. అతిథి ముందు అలా నిలబడ్డందుకు మొహమాటపడుతున్నట్టు, ఆయన చూడగానే చెయ్యి తీసేసింది.

పరుపు డాక్టరు చెప్పులు విడిచాడు. సంచీ కింద పెట్టాడు. పెద్దమనిషిని దాటి ఆవిడవైపు చూశాడు.

"అమ్మా, చెయ్యి తీయకండి. నొప్పి ఎక్కడుందో మీరే చెప్పండి. ఈసారి నేను వింటా."

ఆవిడ ముందు భర్తవైపు చూసింది. తర్వాత మెల్లగా చెయ్యి మళ్లీ తుంటి మీద పెట్టుకుని, "ఇక్కడండీ" అంది.